మూడు బారల తివాచీ

నెయా ఇయోనియా అంటే కొత్త ఇయోనియా.
పాతది సముద్రానికి అవతలి ఒడ్డున ఉండేది.
మా నాయనమ్మ పొలిక్సేని అక్కడి మనిషి కూడా కాదు.
ఇంకా పన్నెండు రోజులు లోపలికి,
ఒంటెల మీద ఉప్పు పోయే దారిలో ఎక్కడో.
ఊరికి పేరు పెట్టినవాళ్ళు ఆమెను అడగలేదు.

చీటీలు తీస్తే వచ్చింది రెండు బారల గది.
పక్కగోడ సావ్వాస్ వాళ్ళతో ఉమ్మడి,
వాళ్ళు దగ్గితే మా గిన్నెలు మోగేవి.
ఓడలో మోసుకొచ్చిన తివాచీ మాత్రం మూడు బారలు.

కోసేద్దామన్నాడు తాత. ఆమె బదులు చెప్పలేదు.
ఎక్కువైన బారెడునీ కిందికి మడిచి
గోడవారకి తోసి, పైన పరుపులు పేర్చింది.
ముప్ఫై ఏళ్ళు అదలాగే ఉంది.
మాకు తెలిసిన తివాచీ అంతా
వెలిసిన ఎరుపు, ఒక చెట్టు మొదలు,
తమ్ముడు పాలు ఒలకబోసిన మరక.
చెట్టుకి పైన ఏముందని అడిగితే
"ఎదుగుతోంది" అనేది.

క్రాఫ్సిదొనాస్ దాటితే వోలోస్ నగరం.
ఏరని పేరేగానీ ఏడాదిలో పది నెలలు రాళ్ళే.
వంతెన మీదుగా అమ్మ పొగాకు గోదాముకి
చీకటితో పోయి చీకటితో వచ్చేది.
గోదాము యజమాని భార్య అగ్లాయా మమ్మల్ని
పెరుగులో ముంచి బాప్తిస్మం ఇచ్చిన సరుకు అనేది.
నాయనమ్మకి ఆ మాట తగల్లేదు, గ్రీకు రాదు గనక.
దేవుడితో కూడా టర్కీలోనే మాట్లాడేది.
ఆయన ఈపాటికి నేర్చుకునే ఉంటాడని ఆమె ధీమా.

ఒక ఏప్రిల్‌లో భూమి కదిలింది.
అవతల మేడలు కూలాయి.
మా ఇళ్ళు, పడటానికి తగిన ఎత్తు లేక, నిలబడ్డాయి.
పొద్దువాలేసరికి ఏటి రాళ్ళ మీద జనమే జనం,
వంతెనని నమ్మక.
అగ్లాయా కాళ్ళకి ఒక్కటే చెప్పు.
చంకలో గోడగడియారం, ఇంకా నడుస్తూనే ఉంది.

ఇళ్ళల్లో పడుకోవద్దని పోలీసు అరిచిపోయాడు.
నాయనమ్మ పరుపులు లాగి అవతల పడేసింది.
తివాచీని వీధిలోకి ఈడ్చి పరిచింది.
మొత్తం.

దాగిన బారెడు అప్పుడే రంగులోంచి తీసినట్టుంది.
చెట్టుకి కొమ్మలున్నాయి. కొమ్మలకి దానిమ్మకాయలు.
ఒక మూల ఎవరి చెయ్యో తప్పి
పిట్టకి మూడు కాళ్ళు నేసింది.
పిల్లలం భూకంపం మరిచి ఆ కాళ్ళు లెక్కపెట్టాం,
మళ్ళీ లెక్కపెట్టాం.

"ఒతుర్" అంది నాయనమ్మ అగ్లాయాతో. కూర్చో అని.
ఆమెకి ఆ భాష రాదు.
కూర్చుంది.

ఇప్పుడు నేనుండేది ఏటికి అవతలే, ఐదో అంతస్తు.
గది పెద్దది. తివాచీ కాళ్ళు బారజాపుకుంది.
ఒకవైపు వెలిసింది, ఒకవైపు వెలవలేదు.
మడత మటుకు పోవడం లేదు.
ఇస్త్రీ పెట్టి చూశాను, నెలరోజులు బీరువా ఎక్కించాను.
వచ్చినవాళ్ళు సరిగ్గా అక్కడే తట్టుకుంటారు.
చూసుకుని నడవండి అంటాను,
అని, కాఫీ కలపడానికి వంటింట్లోకి పోతూ
నేనూ తట్టుకుంటాను.