పది లెక్కపెట్టేదాకా

పాత రాజ్‌దూత్ టాంకీని కోసి
లోపల బ్యాటరీ సెల్లులు పేర్చాను.
మూత తీస్తే ఇప్పటికీ పెట్రోలు వాసనే.
చచ్చినా అలవాటు పోలేదు దానికి.

వెనక చక్రంలో మోటారు నేనే చుట్టాను.
చీమకుర్తి క్వారీ గుంటల్లో నీళ్లు తోడే మోటార్లు
కాలి, నల్లబడి నా బల్ల మీదికే వస్తాయి.
ఏ తీగ ఎంతవరకు ఓర్చుకుంటుందో
ఎక్కడ చేతులెత్తేస్తుందో
పదకొండేళ్లుగా వాసన చూసి చెబుతున్నాను.

ఒంగోల్లో కంట్రోలరు అమ్మినాయన
దాని మీద చీటీ అంటించి ఇచ్చాడు:
రెండొందల యాభై వాట్లు.
"ఇరవై అయిదు దాటనీకమ్మా,
దాటిందా, అది బండి అయిపోతాది.
నంబరు కావాలి, లైసెన్సు కావాలి.
ఇంట్లో చేసిన దానికి నంబరెవరిస్తారు?"
దాటకపోతే?
"దాటకపోతే అది ఏమీ కాదు."

ఏమీ కాని దాన్ని కట్టడానికి
నాలుగు నెలలు, పాడుకున్న చీటీ డబ్బు మొత్తం.

ఖాజావలికి పద్దెనిమిది. నా దగ్గరే పని నేర్చుకుంటున్నాడు.
కంట్రోలరు లోంచి వేలాడే తెల్ల తీగను చూపించి
"దీన్ని కత్తిరిస్తే అరవై పోతాదంటక్కా" అంటాడు,
ఎవరింటి గుట్టో చెబుతున్నట్టు.

వాడికో లెక్క చెప్పాను.
వేగం ఓల్టులది, మోత ఆంపియర్లది.
మట్టసంగా ఉన్న రోడ్డు మీద
నువ్వు తోసుకుంటూ పోయేది గాలినే.
వేగం రెండింతలు చేస్తే
గాలి ఎనిమిదింతలు అడుగుతుంది.
మన ఊళ్లో ఏ వడ్డీవాడూ అంత అడగడు.
వాడు బుద్ధిగా విన్నాడు.
కటింగు ప్లేయరు మాత్రం జేబులోంచి తీయలేదు.

కర్నూలు రోడ్డు మీద గ్రానైటు లారీ
వెనకనుంచి హారను మోగిస్తూ వస్తుంటే
ఇరవై అయిదంటే నిలబడి ఉండటమే.
ఆ దుమ్ములో నాక్కూడా
తెల్ల తీగే గుర్తొచ్చింది, అబద్ధమెందుకు.

శనివారం, గుంటలోంచి
ముప్పై అయిదు కిలోల పంపు మోటారు వెనక కట్టుకుని
ర్యాంపు ఎక్కాను.
ఖాజావలి నడిచే వచ్చాడు. చాలాసేపు వాడే ముందు.
సగం ఎక్కేసరికి మీటరులో
చీటీ మీది అంకెకు నాలుగింతలు.
ఆ చీటీ రాసినవాడు ఈ ర్యాంపు ఎక్కి ఉండడు.

పైన ఆపి, కాసేపు ఊరుకున్నాను.
లోపలి వేడి బయటికి రావాలి గదా.
తరవాత చక్రం నడిమి మీద అరచెయ్యి ఆనించాను.
పది లెక్కపెట్టగలిగితే మోటారు బతికినట్టు:
మా పనిలో చేతికి మించిన మీటరు లేదు.

ఒకటి.
రెండు.
నాలుగు దగ్గర వార్నీషు వాసన సన్నగా,
పోపు మాడబోయే ముందు వస్తుందే, అంత.
ఆరు.
రాయెత్తుకున్న లారీ ఒకటి
నేలను వణికిస్తూ పక్కనుంచి పోయింది.

ఏడు దగ్గర చెయ్యి తీసేశాను.

"ఎంత పోయిందక్కా?" అన్నాడు ఖాజావలి, రొప్పుతూ.

"ఏడు" అన్నాను.