లింకు డాక్యుమెంటు

మేడ మీద ఇంకో గది వేద్దామని
టాపప్ లోనుకు పోయాం.
బ్యాంకు లాయరు మా కాగితాలను
చింతపండులో గింజలు ఏరినట్టు వేళ్లతో విడదీసి చూసి
"ఇక్కడో మనిషి తగ్గుతోంది మేడమ్" అన్నాడు.

మనిషి తగ్గడమేమిటి?
గృహప్రవేశానికి నూట అరవై విస్తళ్లు లేచాయి.
పాలు పొంగిన మరక గట్టు మీద ఇంకా ఉంది.
బడంగ్‌పేట దాటాక నూట నలభై గజాలు,
పదకొండేళ్లుగా ప్రతి నెలా ఐదో తారీఖున
మా జీతాల్లోంచి తన ముక్క తాను కోసుకుంటున్న ఇల్లు.

అమ్మినాయన ఫోను మోగుతుంది, ఎత్తడు.
మధ్యవర్తి మైసయ్య మాత్రం ఎత్తాడు.
"అక్కా, ఈసీ క్లియర్ ఉండె గదా!"
క్లియరే.
పెట్టిన సంతకాలే ఎక్కుతాయి అందులో.
పెట్టని సంతకం ఏ ఈసీలో కనబడుతుంది?

ఎనిమిది నెలలు ఒంటిపూట సెలవులు.
పాత పహాణీ ఉర్దూలో ఉంటే
ముజ్తబా గారు చదివి పెట్టారు.
మా ఇల్లు మొదటిసారి కుడి నుంచి ఎడమకు నడిచింది:
జొన్న, కుసుమ, ఒక మోటబావి,
పట్టాదారు చేగూరి బాలయ్య.
బాలయ్య పోయాక తొంభై ఒకటిలో
ముగ్గురు కొడుకులు అమ్మారు, ముగ్గురూ సంతకం పెట్టారు.
"ఒక బిడ్డ కూడా ఉండాలె" అన్నారాయన
కళ్లద్దాలు తుడుచుకుంటూ.

బడిలో లెక్కలు చెప్తాను నేను.
నాలుగులో మూడు పోతే ఒకటి.
ఆ ఒకటి పేరు అండాలు.

మౌలాలిలో రైలు పట్టాల అవతల రేకుల గది.
బండి మీద వెళ్తూ మా ఆయన
"ఏదో ఫార్మాలిటీ అని చెబుదాం" అన్నాడు.
నేను సరే అన్నాను.
ఆ సరే ఇంకా నోట్లో చేదుగానే ఉంది.

ఆమె అంతా విన్నది.
కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.
"అమ్మిండ్రా?" అంది.
"ఎప్పుడు?"
నోరు రాక తేదీ మీద వేలు పెట్టి చూపించాను,
ఆమెకు చదువు రాదన్నది మరచి.

మనవడు నాలుగు లక్షలన్నాడు, మేం లక్షన్నర అన్నాం.
ఆమె మధ్యలో మాట్లాడలేదు.
రెండున్నర దగ్గర తెగింది.
మేడ మీది గది అక్కడే ఆగిపోయింది.

రిజిస్ట్రేషన్ నాడు
మిషను ఆమె వేలిని ఒప్పుకోలేదు.
నలభై ఏళ్లు ఊరందరి బాసండ్లు తోమిన వేలు,
గీతలు మిగల్లేదు.
"గట్టిగ నొక్కమ్మా" అన్నాడు కంప్యూటరు పిలగాడు.
తడిగుడ్డతో తుడిచాం, కొబ్బరినూనె రాశాం,
ఆమె కొంగుకేసి రుద్దుకుంది.
"అప్పుడడిగితే మంచిగ పడుతుండె" అంది,
ఎవరినీ చూడకుండా.
ఏడోసారికి మిషను కీచుమంది.

తిరిగొచ్చేటప్పుడు ఇల్లు చూస్తానంది.
చెప్పులు గేటు బయటే విడిచింది.
హాలు దాటి, ఫ్రిజ్ దాటి, వంటింట్లో
గ్యాసు సిలిండరు దగ్గర ఆగి
కాలి బొటనవేలితో నేలను తట్టింది.
"బాయి ఈడ."

ప్రతి వానాకాలం అక్కడే ఒక టైలు లేస్తుంది.
మేస్త్రీని మూడుసార్లు తిట్టాం.

దస్తావేజు షెడ్యూలులో నాలుగు హద్దులూ ఉన్నాయి.
తూర్పున ఇరవై అయిదడుగుల రోడ్డు,
పడమర పదిహేడో నంబరు ప్లాటు,
ఉత్తరం, దక్షిణం ఇంకెవరివో గోడలు.
కిందివైపు ఏముందో
రాసే గడి లేదు.

చాయ్ తాగింది, చక్కెర ఎక్కువైందంది.
ఆటో పైసలు వద్దంది, తర్వాత తీసుకుంది.

సాయంత్రం లాయరు మెసేజ్ పెట్టాడు: టైటిల్ క్లియర్.
మా ఆయన పావుకిలో కలాకంద్ తెచ్చాడు.
నేను సిలిండరును మూరెడు పక్కకు జరిపాను.
ఆ జాగాలో
ఇంకా ఏమీ పెట్టలేదు.