వెనక పేజీ

పెద్దాసుపత్రి గేటుకు ఎదురుంగ
మూడడుగుల డబ్బా నాది.
ఒక దిక్కు కాపీకి రెండు రూపాయలు,
రెండు దిక్కులైతే మూడు.

పొద్దుగాల ఎనిమిదింటికి మిషను మూత లేపుత.
అద్దం కింద పచ్చటి వెలుగు
ఈ కొస నుంచి ఆ కొసకు ఈడ్చుకుంట పోతది,
ఎవరిదో నెత్తుటి మీదికెళ్లి,
ఎవరిదో మూత్రం మీదికెళ్లి.
చక్కెర, ఉప్పు, కామెర్లు
పెనం మీది సర్వపిండి లెక్క
వేడివేడిగ బయటికొస్తయి.

అప్పుడడుగుతరు.
లోపట డాక్టరు ముందట ఎనభై మంది,
ఆయన తల లేపెటాల్లకు వీళ్ల వంతు అయిపోతది.
రోడ్డు దాటి నా దగ్గరికొస్తరు:
"బిడ్డా, ఇండ్ల ఏం రాసుంది?"

ఇంటర్ల బైపీసీ నాది. జువాలజీ పోయింది.
ఆ మాట ఎవ్వలికీ చెప్పలె.

నాకు తెలిసింది గింతే:
ఎడమ దిక్కు పరీక్ష పేరు, నడుమ అంకె,
కుడి దిక్కు ఉండాల్సిన హద్దు.
హద్దు దాటిన అంకె నల్లగ ఉంటది,
తేలు కుట్టిన ఏలు ఉబ్బినట్టు.
ఎనుమాముల మార్కెట్ల కాంటా చూసుడసొంటిది ఇది.
ముల్లు ఎటు ఒరిగిందో ఎవలైనా చెప్తరు.
బస్తాల పత్తి ఎంత తడిసిందో
ముల్లుకేం తెలుసు?

శాయంపేట ఐలవ్వ వచ్చిన దినం
వాన ఎలిసి ఎండ కాస్తుంది.
ఏళ్ల నిండ పత్తికాయ గీతలు.
"ఊర్ల ఆరెంపీ గ్యాసన్నడు.
మందుల షాపు పిలగాడు బీపీ అన్నడు.
మా మరిది ఫోన్ల ఎవడో
మెంతులు నానబెట్టి తాగుమన్నడు.
శివసత్తి, ఎల్లమ్మకు బాకీ ఉన్నవన్నది.
నలుగురు నాలుగు చెప్పిండ్రు,
అయిదోదానివి నువ్వు చెప్పు."

చూసిన. నల్లంకె ఒక్కటి లేదు.
"ఏం లేదవ్వా, అన్నీ హద్దుల్నే ఉన్నయి."
కొంగుముడి ఇప్పి రెండు రూపాయలిచ్చింది,
సంచిలకెళ్లి ఒక సీతాఫలం తీసి
మిషను మీద పెట్టింది.
గట్ల నవ్వుకుంట పోయిన మనిషిని
ఆ గేటు ముందట నేను చూడలె.

పొద్దూకి డబ్బా ఊడుస్తుంటే
బల్ల కింద ఒక కాయితం.
పిన్ను ఊడదీసిన్నాడు జారినట్టుంది.
ఐలవ్వ, యాభై రెండేండ్లు.
రెండో పేజీ.
మూడు అంకెలు, మూడూ నల్లయి.

బస్టాండుకు ఉరికిన. పరకాల బస్సు పోయింది.
సీతాఫలం పగలగొడితే పండలె,
లోపట గట్టిగ ఉంది.

తెల్లారి డబ్బా తెరవలె.
శాయంపేటల దిగి అడిగితే
"ఏ ఐలవ్వ?" అన్నరు.
గొల్లోల్ల ఐలవ్వ, సాలోల్ల ఐలవ్వ,
బావికాడి ఐలవ్వ, చెవుడు ఐలవ్వ,
నిరుడు పోయిన ఐలవ్వ.
ఆశ వర్కర్ సుగుణ దొరికింది,
సైకిల్ మీద, మందుల సంచితోని.
కాయితం ఇస్తే చానా సేపు చూసింది.
నేను మొఖం చూస్తున్న,
ఏమన్న చెప్తదేమోనని,
అందరు నా మొఖం చూసినట్టే.

"నాకు తెల్వదు," అన్నది.
"ఎవలికి తెలుసో తెలుసు."
సైకిల్ తిప్పింది.

గంత అల్కగ అనొచ్చా ఆ మాట!
ఏడేండ్ల సంది నోట్లెనే ఉంది,
ఒక్కసారి బయటికి రాలె.

బావికాడి ఐలవ్వనే ఆమె.
ఏరుడు ఆపి చేనుల నిలబడ్డది.
"నిన్న ఏం లేదంటివి గద బిడ్డా," అన్నది.
తిట్టలె. తిడితే బాగుండు.

గిప్పుడు ఏ కాయితమొచ్చినా
ముందు తిప్పి చూస్త.
"గిది నేను చెప్పేది కాదు,
పదకొండో నంబరు గదిల అడుగు," అంట.
కొందరికి కోపమొస్తది.
ఒక ముసలాయనైతే
"రెండు రూపాయలు తీసుకుంటలెవ్వా?" అన్నడు.

మొన్న ఒకాయన కరపత్రం తెచ్చిండు,
ఆకుపసరుతోని కిడ్నీల రాళ్లు
మూడు దినాలల్ల కరుగుతయని.
రెండొందల కాపీలు.
డబ్బా కిరాయి కట్టాల్నాయె,
తీసిన.

తీసే ముందట అలవాటు కొద్ది తిప్పి చూసిన.
ముందట ఆయన ఫోన్ నంబరు పెద్దగ ఉంది.
వెనక ఏం లేదు,
ఒక్క హద్దు గూడ లేదు,
తెల్లగ.