ఇంకేముంది చూడ్డానికి

తాబేళ్లు ఈ ఏడాది ఒడ్డుకి రాలేదు.
నువ్వు వైజాగు నుంచి వచ్చింది వాటికోసమే.
తిరుగు రైలు ఆరుంపావుకి.
"ఇంకేముంది ఈ గంజాంలో చూడ్డానికి"
అన్నావు, వాచీని అడిగినట్టు.

కోట ఉంది.
జ్వరాలకి జడిసి దొరలు వదిలేసింది.
దారి చెప్పే బోర్డుంది, బోర్డు మీద బాణముంది.
అటు అందరూ పోతారు, మేకలతో సహా.
నువ్వు కాలువ గట్టున నాతో రా.

ఈ వంతెన కింద తల వంచు.
నువ్వు వంచకపోతే అదే వంచుతుంది.
మా తాత మైలపల్లి దానయ్య నుదుటి మీద మచ్చ చూసి
చిలికా అవతలి వాళ్లు కూడా
"పాలూరు కాలువ మనిషివా" అనేవారట.

ఇదిగో, ఈ రాతి అంచున వేలు పెట్టు.
లోపలికి దిగిందా?
ఉలి పని కాదది.
ఉప్పు పడవల్ని గట్టు మీంచి లాగినవాళ్ల కొబ్బరితాడు
రోజుకింత రాయిని కొరుక్కుని పోయింది.
తాళ్లెన్ని అరిగాయో రాసుకున్నవాడున్నాడేమో,
భుజాలెన్నో ఎవడూ రాయలేదు.
మొత్తం ఏడు గాట్లు.
ఎనిమిదోది మా చిన్నాడు సైకిల్ గొలుసుతో గీశాడు.
దాన్నీ ఫోటో తీస్తే వద్దనను.

ఇది సుంకం గది.
ఇప్పుడు దండాసి బెహరా పంక్చర్లు వేస్తాడు.
బస్తాలు తూచిన ఇనప కొక్కేనికి
చచ్చిన ట్యూబులు వేలాడుతున్నాయి చూడు.
వాటిని తప్పించి గోడ చూడు:
ఇటువైపు మసితో తెలుగంకెలు,
అటువైపు కావిరంగులో ఒడియా అంకెలు.
ఇద్దరు గుమస్తాలు, ఒకే ఉప్పు.
ఎన్నిసార్లు కూడినా
మా గోడకి మూడు బస్తాలు తక్కువ.
ఆ మూడిట్లోంచే మా వీధిలో మొదటి పెంకుటిల్లు లేచిందని
గిట్టనివాళ్లంటారు.
ఆ ఇల్లు మాదే.
తర్వాత చూపిస్తా, టీ అక్కడే.

మడుల దగ్గర కోర్లమ్మ.
మనిషి కూడా చూడదగ్గ చోటేనా అనకు.
తట్టలు లెక్కపెడుతోంది, విను.
ఒకటి అనదు. లాభం అంటుంది.
లాభం, రెండు, మూడు...
ఏడు దగ్గర నోరు మెదపదు,
ఏడుపు వినబడుతుందని. ఆరున్నొక్కటి అంటుంది.
(ఇందాక నేను గాట్లు లెక్కపెట్టిన తీరు
ఆవిడ చెవిన పడకూడదు.)
లెక్క తెలుగు, బేరం ఒడియా.
తిట్టు ఏ భాషలో వస్తుందో
అది పడే మనిషిని బట్టి.

ఇక చివరిది. నడక ఎక్కువే, చెప్పులు విప్పు, బురద.

విరిగిన లాకు తలుపు మీద ఇలా కూర్చో.
కుడిపక్క చిలికా, ఎడంపక్క రుషికుల్యా, ఆవల సముద్రం.
పోటుకి నీళ్లు అటు, పాటుకి ఇటు.
మధ్యలో కాసేపు ఎటూ పోవు.
ఈ ఎండు తాటాకు ముక్క వేస్తున్నా.
చూస్తూ ఉండు.

కదలదు.
కొంగ కూడా ఒంటికాలి మీద నమ్మకంగా నిలబడింది.

నీళ్లు ఇలా ఆగినంతసేపే
మా తాత తాడు కింద పెట్టేవాడు.
బీడీ ఒకటి, అంబలి ముంత ఒకటి.
పండగలకి కూడా పడవ ఆగేది కాదు.
ఆయన బతుకులో సెలవంతా
నువ్వు కూర్చున్న ఈ చెక్క మీద గడిచింది.

అది నీ రైలు కూతే.
వినబడింది నాకూ.
లేస్తావనుకున్నాను.

అదుగో, తాటాకు కొస తిరిగింది.
నదివైపు.
ఇక్కడే లేచి, తాడు భుజానికెత్తి,
మొదటి అడుగు వేస్తూ
మా తాత పైకేమనేవాడో చెప్పినవాళ్లు లేరు.
ఒకటి అని మాత్రం
అనుండడు.