చాప మీద ఇద్దరు

దోహాల నాది రాత్రి కాపలా.
బయట నలభై ఒకటి. లోపల పద్దెనిమిది.
ఈ సల్లదనం నా కోసం కాదు,
గాజుపెట్టెల పండుకున్న జింకతోలు కోసం.
అదీ అసలుది కాదట, నకలు.
అసలుది సముద్రాల అవతల ఏదో చీకటి గదిల ఉన్నదట.

మా తాత పటాలు గీసేటోడు.
ఆయన పటం పైనుంచి కిందికి జారేది.
ఇది మడతలు మడతలుగ పక్కకు పోతది,
ఎర్రగీత కాడ ఆగుతది,
ఎడ్లు గట్టు కాడ మలిగినట్టు మలిగి
మళ్ళ వెనక్కి వస్తది.

మొదట నేను మనుషుల్ని చూడలే,
చాపల్ని చూసిన.
పెండ్లికో చాప. అల్లిక గళ్ళు లెక్కపెట్టొచ్చు.
చాప మీద ఇద్దరు, ఎదురెదురుగ.
బాసింగాలు లేవు, తలంబ్రాలు లేవు.
ఆమె చేతిల నురగ పొంగే ముంత.
ఆయన వేలు చూపిస్తుండు,
ఆమె కూడ చూపిస్తున్నది.
ఒప్పుకున్నట్టే అనుకున్న, చానా రాత్రులు.

పుట్టిన రోజే వాళ్ళకు పేరు.
తల పక్కన చుక్కలు, చుక్కల పక్కన ఒక గుర్తు.
నాలుగు మొసలి అంటే రాజు.
పది గడ్డి అంటే రాణి.
నా మెడల కార్డు మీద కూడ పదకొండు అంకెలున్నయి,
మొసలి ఒక్కటే తక్కువ.

ఒక మూలకు తోలు గీకిన మచ్చ.
ఎవర్నో తీసేసి ఇంకెవర్నో కూసోబెట్టిండ్రు.
నకలు చేసినోడు ఆ మచ్చను కూడ నకలు చేసిండు.
మా తాత ఒకసారి గీకిండు అట్ల,
ఒక దొర ఇంటి పటంల,
రెండు బస్తాల వడ్లకు.
ఎవర్ని గీకిండో సచ్చేదాక చెప్పలే.

గోడ మీద వంశవృక్షం అతికించెటందుకు
రబీహ్ వచ్చిండు, బేరూత్ పిలగాడు.
మూడు రాత్రులుగ ఒక్క కాడనే ఆగిండు.
మూడో మడతల పది గడ్డి, రాజు అక్కకు బిడ్డ.
ఐదో మడతల పది గడ్డి, రాజు ముందల చాప మీద.
'ఒక్క పేరు, ఇద్దరు మనుషులు' అని
రెండు డబ్బాలు గీసిండు.

నాది చూసే నౌకరి, మాట్లాడేది కాదు.
అయినా నోరు ఆగలే.
'ఒక్కతే' అన్న.
'మేనమామను చేసుకున్నది.'

వచ్చిన హిందీ, రాని అరబ్బీ కలిపి చెప్పిన.
'అంటే రాజుకు అక్క...?'
'అత్త అయింది.'
'నీకెట్ల తెలుసు?'
ఫోన్ల సుగుణ ఫోటో చూపించిన.
మా పోసక్క బిడ్డ. నా ఇల్లాలు.
రబీహ్ మొఖం ఒక్క గడియ ముడుచుకున్నది,
మళ్ళ సదురుకున్నది.

రాజ్యం బయటికి పోవద్దని వాళ్ళు.
రెండెకరాల చెలక బయటికి పోవద్దని మేము.
అతను ఒక డబ్బా పీకేసిండు.
రెండు గీతలు ఒక్కామె మీదికి వచ్చి ఆగినయి,
రెండు దిక్కుల నుంచి ఈడ్చిన తాళ్ళ లెక్క.

అప్పుడు చూసిన ఆమె వేలును, సక్కగ.
సరే అంటున్నదా,
వద్దంటున్నదా?
గీసినోనికి తెలిసే ఉంటది.

తెల్లారి క్యాంపు బస్సుల నుంచి ఫోన్ చేసిన.
పెండ్లయి పదకొండేండ్లు.
'సుగుణా, అప్పుడు నీకు ఇష్టమేనా?'
అవతల కుక్కర్ రెండు కూతలు కూసింది.
'మామా, గ్యాస్ అయిపోవచ్చింది' అన్నది.
ఇంకొంచెం సేపాగి,
'నన్నెవరడిగిండ్రు' అన్నది.

నాకు మాట రాలే.
ఏం చెప్పాల్నో తెల్వక జింకతోలు సంగతి చెప్పిన,
చాప, చుక్కలు, నురగ ముంత.
ఆమె అంతా ఇన్నది.
'ముంత ఆయన కోసమేనా?'
'అట్లనే ఉన్నది.'
'తాగిండా మరి?'

బస్సు సిగ్నల్ కాడ ఆగింది.
లేదు, అన్న.
ఇంకా ఆమె చేతిలనే ఉన్నది.