అన్‌నోన్ ఆర్టిస్ట్

రిచీ స్ట్రీట్‌లో మూడో కొట్టువాడు నవ్వాడు.
"సీడీ డ్రైవా? ఇదెల్లాం ఇప్ప యారు సార్ వాంగురా?"
నవ్వుతూనే నిచ్చెనెక్కి, అట్టపెట్టె మీద దుమ్ము ఊది
నా చేతిలో పెట్టాడు.
ఊతప్పమంత మందం. పన్నెండు వందలు.

పెరంబూర్‌లో మా మేడ గది,
పందొమ్మిది సీడీలు,
కోమళవల్లి టీచరు పాఠాలు.
టేపుల్లోంచి వీటిలోకి ఎక్కించింది వాళ్ళాయన నమశ్శివాయం గారు.
డబ్బాల మీద చుక్కల్లో పేర్లు గుచ్చి అంటించింది నేను.
వరదొచ్చిన డిసెంబరులో చీటీలన్నీ ఊడి
బకెట్లో తేలాయి.
ఒక్కొక్కటే ఏరి వేళ్ళతో చదివాను.
తోడి అని చీటీ ఉంది,
తోడి ఏ డబ్బాలో ఉందో తెలీదు.

సీడీకి ఒకవైపు మార్కరు రాత గోటికి తగులుతుంది.
రెండోవైపు ఏమీ తగలదు.
ఏమీ తగలని వైపే పాట ఉండేది.

క్లిక్.
లోపలేదో గిర్రున లేచి కాసేపు తడుముకుంటుంది, నాలాగే.
అప్పుడు స్క్రీన్ రీడర్, ఇనుప ముక్కుతో:
అన్‌నోన్ ఆర్టిస్ట్. అన్‌నోన్ ఆల్బమ్. ట్రాక్ వన్.
ట్యాబ్. ట్యాబ్. చెక్ బాక్స్ చెక్డ్.
ట్యాబ్. రిప్ బటన్.

మొదటి సీడీ బాగానే ఎక్కింది.
రెండోదానికి ఏదో అడిగింది,
సగం విని ఎంటర్ కొట్టేశాను.
దాని లెక్కలో మనుషులందరూ అన్‌నోన్,
ప్రతి సీడీలో మొదటి పాటా ట్రాక్ వన్నే కదా,
కాంభోజి వచ్చి
నిన్నటి సహానని మింగేసి కూర్చుంది.
మళ్ళీ మొదట్నుంచి.
ఈసారి సీడీకొక ఫోల్డరు, ఫోల్డరుకొక అంకె.

పదకొండు శాతం. పన్నెండు శాతం.
కింద ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు విసురుతున్నారు.
లోకో వర్క్స్ సైరను.
నలభై.

పేర్లు పెట్టాలి.
ఎఫ్ టూ కొట్టి తెలుగులో బిలహరి అని రాస్తే
ఈ గొంతుకి తెలుగు రాదు,
వాన గుంట దాటినట్టు దాటేస్తుంది.
ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే
"బిల్ హ్యారీ" అంటుంది,
పాతకాలం రైల్వే దొరనెవరినో పిలిచినట్టు.
హుసేని హ్యూజనీ అయింది. తోడి టోడీ.
నవ్వొచ్చింది గానీ కోపం రాలేదు.
ఈ ఊళ్ళో తెలుగు పాటని
తెలుగు రాని గొంతులే కదా ఇన్నాళ్ళూ మోసింది,
ఒత్తులు జారవిడిచి, భ ని బ చేసి.
అయినా సభలో మూడో వరుసలో కూర్చుని
నేను ఏడవలేదా?

టీచరు ఇంట్లో అరవమే.
నాకు స్వరం చెప్పేది, సాహిత్యానికి అర్థం నన్నడిగేది.
పన్నెండేళ్ళవాణ్ణి, తెలియనిచోట కల్పించి చెప్పేవాణ్ణి.
ఫీజు అలా చెల్లిపోయింది.

ఏడో సీడీ ఎక్కింది కదాని పెట్టి విన్నాను.
శ్రుతిపెట్టె, ఫ్యాను రెక్కల చప్పుడు, తొడ మీద తాళం,
టీచరు గొంతు పైషడ్జం మీద ఇంకా పూర్తిగా నిలబడలేదు,
"బ్యాటరీ ఫిఫ్టీన్ పర్సెంట్" అంది స్క్రీన్ రీడర్.
పాట ఆగింది.
"పాడేటప్పుడు నడుమ మాట్లాడకు అని ఎన్నిసార్లు చెప్పాలి?"
ఆ తిట్టు ముప్పై ఏళ్ళ కిందట నాకు.
గబుక్కున కంట్రోల్ నొక్కాను.
యంత్రం నోరు మూసుకుంది.
టేపులో పిల్లాడెవడో సారీ అన్నాడు.

పదకొండో సీడీ చదవడం లేదు.
తుడిచాను, ఊదాను, మెత్తటి పంచె అంచుతో
మధ్య నుంచి బయటికి మళ్ళీ తుడిచాను.
డ్రైవు కీచుమని వెతికి వెతికి ఆగిపోతుంది.
డబ్బాలో పెట్టేశాను. తోడి అదేనేమో.

రాత్రి, ఆర్టిస్ట్ అన్న గడిలో
అన్‌నోన్ చెరిపేసి
ఒక్కో అక్షరం కొట్టి వినిపించుకున్నాను.
"కొమలవాలీ" అంది.
దీర్ఘం ఒకచోట పోయి ఇంకోచోట తేలింది.
పోనీలే.
భానోజీ అన్న నా పేరుని
టీచరు చివరిదాకా
బానోజీ అనే పిలిచింది.