కొలత పదం

చాదర్‌ఘాట్ దాటాక
మెట్రో పిల్లరు నెంబరు చెబితే తప్ప
ఆటోవాడికి అంతుచిక్కని సందులో బ్లడ్‌బ్యాంకు.
మెట్ల కింద జనరేటరు, మెట్ల మీద మూసీ వాసన.
పదకొండేళ్ల కింద నేను రాసిన ప్రోగ్రాం
ఇంకా అక్కడ బతికే ఉందట.
చూసొద్దామని వెళ్లానంటే అబద్ధం.
ప్రింటరు పలకడం లేదని పిలిచారు.

కౌంటరులో తబస్సుమ్.
భుజానికీ చెవికీ మధ్య ఫోను, చేతిలో మౌసు.
ఎదుట ఒక పెద్దాయన,
ఐసు నింపిన డబ్బాను చంటిపిల్లలా ఎత్తుకుని.
ఆమె రెండో ట్యాబు నొక్కింది.
లోపల ఏమీ లేదు, బూడిదరంగు తప్ప.
ఆమె కంగారుపడలేదు.
విండో మూల పట్టుకుని చిటికెడు లాగింది.
గళ్లన్నీ ఉలిక్కిపడి లేచి,
హెడ్మాస్టరు అడుగుల చప్పుడు విన్న క్లాసులా
ఎక్కడివక్కడ కూర్చున్నాయి.

"అదేంటమ్మా, ఎందుకలా లాగుతున్నారు?"
"గట్లనే గద భయ్యా, లాగితెనే వస్తది.
నేను కొత్తగ జేరినప్పుడు
పుష్పలీల మేడం నేర్పింది."

పుష్పలీల మేడానికి ఎవరు నేర్పారో.
నా తప్పు ఇక్కడ ఒక విద్యగా మారి
వేలి నుంచి వేలికి దిగుతోంది.
రోజుకు అరవైసార్లు, నెలకు ఇరవయ్యారు రోజులు,
ఆరేళ్లు...
లెక్క మొదలుపెట్టి మధ్యలో మానేశాను.

లాప్‌టాప్ తెరిచి పాత కోడు చూశాను.
పొద్దున ప్రోగ్రాం లేవగానే
ఒక్కో ట్యాబునూ అడుగుతుంది: నీ ఎత్తెంత?
ముందున్నది చెబుతుంది.
వెనకున్నవి ఇంకా కళ్లు తెరవలేదు,
సున్నా అంటాయి.
ఆ సున్నానే నమ్మి రాసుకుంటుంది.
తర్వాత ఎవరు తలుపు తీసినా
మళ్లీ అడగదు, ఎవరైనా మూల పట్టి లాగితే తప్ప.

అది ఒకటి. రెండోది అప్పుడే కనబడింది.
ట్యాబుల పేర్లు వరసగా:
దాత, రకం, పరీక, నిల, రసీదు.
దాతకూ రసీదుకూ కింద ఏమీ లేదు, బతికిపోయాయి.
మిగతా వాటి వత్తులు గీత కింద మునిగిపోయాయి.
"పరీక అంటే ఏందో అనుకున్న గాని
రకం సరిగనే ఉంది గద,
ఓ పాజిటివా, బీ నెగిటివా, గదే గద రకం?"
పదకొండేళ్లు రక్తం కాస్తా రకమై ఉంటే
ఎవరూ ఫిర్యాదు చేయకపోవడానికి
అది తప్పుగా లేకపోవడమే కారణం.

ఎత్తు కొలవడానికి ఆ రోజుల్లో నేను
ఇంగ్లీషు జీ అక్షరం పెట్టాను.
దాని తోక ఎంత వేలాడితే
అంతే లోతు మా అందరికీ.
తోకలు తప్ప పునాదులు తెలియని అక్షరంతో
ఒత్తక్షరాల ఇల్లు కట్టాను,
తెలుగు మీడియంలో పది దాకా చదివినవాణ్ణి.

జీ తీసేశాను. ఏ మాట పెట్టాలి?
అప్పు, సరిపోదు. వస్త్రం, దగ్గరికొచ్చింది.
పైన గుడిదీర్ఘం, కింద తావత్తు,
దాన్ని చుట్టుకుని క్రావడి:
స్త్రీ.
తెలిసిన మాటల్లో అంతకన్నా నిలువెత్తు మాట
నాకు తట్టలేదు.
ఇది నిలబడితే అన్నీ నిలబడతాయి.
తెరవని ట్యాబును కూడా
తెరిచినప్పుడే మళ్లీ కొలవమని
ఇంకో వరస రాశాను.

ఐసు కరిగి పెద్దాయన లుంగీ మీద చుక్కలు పడుతున్నాయి.
ప్రోగ్రాం మళ్లీ లేచింది.
ఆయనే ముందు చదివాడు, పైకి, కూడబలుక్కుని:
"ర...క్తం."
తబస్సుమ్ నొక్కింది.
గళ్లన్నీ ముందే వచ్చి కూర్చున్నాయి.

అయినా ఆమె చెయ్యి ఆగలేదు.
మూల పట్టింది, లాగింది.
ఏమీ కదల్లేదు.
ఇంకోసారి లాగింది.
నావైపు తిరిగి అనుమానంగా,
"ఏం అయితలేదు భయ్యా. ఖరాబైందా?"

ప్రింటరు సంగతి
ఇంకా చూడనేలేదు.